పరీక్ష తప్పినవాడితో రాజమండ్రి

రాజమండ్రి వెళ్ళేవాళ్ళు సాధారణంగా మూడు రకాలు. గోదావరి స్నానానికి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిళ్ళకు వెళ్ళేవాళ్ళు, కడియం మొక్కలకోసం వెళ్ళేవాళ్ళు. నేను మొన్న ఏప్రిల్ నెలాఖరున వెళ్ళింది ఈ మూడింటిలో దేనికీ కాదు. మా తెనాలిలో మా వీధివాళ్ళ మొహాలు ఓ నాలుగు రోజులపాటు చూడకుండా తప్పించుకోవడానికి వెళ్ళాను.

మావాడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం తప్పాడు. ఒకటి కాదు, రెండు పోయాయి. లెక్కలు, ఫిజిక్సు. సంస్కృతంలో మాత్రం నూటికి 96 వచ్చాయి. తెలుగు మాస్టారి కొడుకు తెలుగు మానేసి సంస్కృతం తీసుకోవడమేమిటని మీరు అడగవచ్చు. మార్కులకోసం. ఈ సంగతి మా కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఫలితాలు ఫోనులో వచ్చిన రోజున మా పక్కింటాయన "మీవాడిది ఏమైందండీ" అని అడగలేదు. అడిగినా బాగుండేది. సాయంత్రానికి డజను బంగినపల్లి మామిడిపళ్ళు పంపించాడు. ఎదురింటావిడ మా ఆవిడను చూసి, పలకరించబోయి, కొంగు సర్దుకొని లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంట్లోనూ అంతే. ముగ్గురం ముగ్గురికీ అడ్డు తగలకుండా తిరిగాం. అన్నాలు తిన్నాం గనుక తిన్నట్టే లెక్క.

ఆ రాత్రి నేను మంచినీళ్ళకు లేచి చూద్దును గదా, మా ఆవిడ స్క్రూడ్రైవరు పుచ్చుకొని, మావాడి గది తలుపుకున్న లోపలి గడియ ఊడదీస్తోంది. వాడు హాల్లో టీవీ ముందు నిద్రపోతున్నాడు. ఎందుకని నేను అడగలేదు. టార్చి పట్టుకొని నిలబడ్డాను. నాలుగు మరలు. ఆఖరుది తుప్పు పట్టి ఉంది, దానికి చాలాసేపు పట్టింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయని పెద్ద గొడవ జరిగి, తప్పిన పిల్లలందరి పేపర్లూ డబ్బు పుచ్చుకోకుండా మళ్ళీ చూశారు. ఆ గొడవ నడిచిన రోజుల్లో పత్రికల్లో పడ్డ పిల్లల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. అన్నీ పాస్‌పోర్టు సైజు ఫోటోలే. అప్పుడు పేజీ తిప్పేశాను. ఇప్పుడు టార్చి పట్టుకొని నిలబడ్డప్పుడు అవి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

మూడో రోజున నాకొక ఆలోచన తోచింది. గణితంలో ప్రపంచ ప్రసిద్ధుడైన శ్రీనివాస రామానుజన్ పరీక్ష తప్పినవాడని అందరికీ తెలుసు. ఆయన తప్పాక ఇంట్లోంచి పారిపోయి వచ్చింది మన తెలుగుదేశానికేనని చాలామందికి తెలియదు. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకారవేతనంతో చేరి, లెక్కలు తప్ప మిగతావాటిలో చాలామట్టుకు తప్పి, ఆ ఉపకారవేతనం పోగొట్టుకొన్నాడు. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వైపు బయలుదేరి, ఓ నెల రోజులు రాజమండ్రిలో ఉన్నాడు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. మావాడికీ పదిహేడే. రాజమండ్రిలో మా మేనత్త ఉంది. ఇంకేం కావాలి? తండ్రి గోదావరి గట్టున కొడుకును కూర్చోబెట్టి ఈ కథ చెబుతాడు, కొడుకు కళ్ళల్లో వెలుగు వస్తుంది. ఇదీ నా పథకం. పాతికేళ్ళుగా పాఠాలు చెప్పినవాడికి లోకమంతా పాఠంలాగే కనబడుతుంది.

పొద్దుటి బండి ఎక్కాం. బెజవాడ దాటేదాకా వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏలూరులో ఇడ్లీ తిన్నాడు. తాడేపల్లిగూడెంలో నీళ్ళసీసా కొన్నాడు. నిడదవోలు దాటాక నేను గొంతు సవరించుకొన్నాను. కొవ్వూరు వచ్చాక మొదలుపెడితే వంతెన మీదికి వచ్చేసరికి అసలు ఘట్టం అందుతుందని నా లెక్క.

గోదావరి మీద రైలు వంతెన దాటని తెలుగువాడికి దాన్ని ఎంత చెప్పినా చాలదు, దాటినవాడికి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు బండ్లు వెళ్ళే విల్లుకమానుల వంతెన 1997లో వచ్చింది. పక్కనే స్తంభాల మీద నిలబడి ఉన్న పాతది హేవ్‌లాక్ వంతెన. 1900లో తెరిచారు, 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. 1974 నుంచి పైన రోడ్డూ కింద రైలూ ఉన్న మరో వంతెన కూడా ఉంది. ఎండాకాలమైనా ఇక్కడ నీటికి లోటుండదు. దిగువన ధవళేశ్వరం బారేజీ నీటిని నిలబెడుతుంది. బండి వంతెన ఎక్కగానే పెట్టెలో సగంమంది లేచి చిల్లరకోసం వెదుక్కొన్నారు.

"అదుగో, ఆ పాత వంతెన చూశావా? 1905లో రామానుజన్ రైలులో వచ్చి ఉంటే దానిమీదుగానే వచ్చి ఉంటాడు" అని మొదలుపెట్టి, నేను తయారుచేసుకొన్నదంతా చెప్పాను. 1906 డిసెంబరులో మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష తప్పడం, మరుసటి ఏడు మళ్ళీ తప్పడం, 1912లో పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పని, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం దాకా వచ్చాను. మావాడు మర్యాదగా అంతా విన్నాడు.

"నాన్నా, ఆయనకి లెక్కలొచ్చు" అన్నాడు.

"అదే కదరా..."

"ఆయన లెక్కలు తప్ప మిగతావి తప్పాడు. నేను లెక్కలే తప్పాను."

బండి వంతెన దిగింది. నేను మళ్ళీ మాట్లాడలేదు. ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దాయన ఒకాయన పత్రిక అడ్డం పెట్టుకొని నవ్వుకొన్నాడని నా అనుమానం.

ఇప్పుడు ఈ ఊరి పేరు రాజమహేంద్రవరం. 2015లో ప్రభుత్వంవారు పాత పేరును మళ్ళీ ఖాయం చేశారు. మా అత్తయ్యకు మాత్రం అది రాజమండ్రే. ఇన్నీసుపేటలో పాత డాబా ఇల్లు. ఎనభయ్యేళ్ళ మనిషి, వినికిడి బాగానే ఉంది, మోకాళ్ళే మాట వినవు. మేము గడప దాటి లోపల అడుగు పెట్టామో లేదో, మావాణ్ణి ఎగాదిగా చూసి, "ఏరా, ఎన్నింట్లో పోయింది?" అని అడిగింది.

నా గుండె జారింది. వాడు మాత్రం తేలిగ్గా, "రెండు మామ్మా" అన్నాడు.

"మళ్ళీ ఎప్పుడు?"

"వచ్చే నెల్లో సప్లిమెంటరీ ఉంది."

"అయితే ఆ సంచీ అందుకో. బజారుకెళ్ళి అరకిలో వంకాయలు పట్రా. ముదురువి తెచ్చావంటే తిరగ్గొట్టి పంపిస్తాను."

అంతే. వారం రోజులుగా మా ఇంట్లో ఎవ్వరం నోటితో అనలేకపోయిన మాట నిమిషంలో అయిపోయింది. వాడు సంచీ పుచ్చుకొని వెళ్ళాడు. వంకాయలు లేతవే తెచ్చాడు.

సాయంత్రం పుష్కర ఘట్టానికి వెళ్ళాం. చల్లబడ్డాక ఊళ్ళో సగం జనం అక్కడే ఉంటారు. పిల్లలు మెట్ల మీదినుంచి నీళ్ళలోకి దూకుతున్నారు. పిడతకింద పప్పు అమ్మేవాడు ఒక్కొక్క మెట్టూ దిగి వస్తున్నాడు. అవతల కొవ్వూరు ఒడ్డున దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఇక రామానుజన్ ఊసు ఎత్తకూడదని నిశ్చయించుకొన్నాను గాని, చెప్పానుగా, అలవాటు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు ఈ ఊళ్ళోనే కొలువు తీర్చి నన్నయభట్టు చేత భారతం తెలుగు చేయించాడనీ, నన్నయ ఆదిపర్వం, సభాపర్వం పూర్తి చేసి, అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడనీ, రెండువందల ఏళ్ళ తరువాత తిక్కన విరాటపర్వంనుంచి ఎత్తుకొన్నాడనీ, ఆ అరణ్యపర్వంలో మిగిలినది ఎర్రన పూర్తి చేశాడనీ చెప్పాను.

మావాడు పప్పు నములుతూ, "అంటే నన్నయగారు కూడా సిలబస్ పూర్తి చెయ్యలేదన్నమాట" అన్నాడు.

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. ఫలితాలు వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. ఈ మాట మా తెలుగు శాఖలో చెబితే పాఠ్యప్రణాళిక సంఘంవారు ఏమంటారో తెలియదు. నన్నయగారు క్షమిస్తారు.

ఆ రాత్రి అత్తయ్య మావాణ్ణి పిలిచి, "నాకీమధ్య రాత్రిళ్ళు ఒంటరిగా పడుకోవాలంటే భయం పట్టుకొంది, నా మంచం పక్కన పరుపు వేసుకోరా" అంది. నలభయ్యేళ్ళుగా ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న మనిషి. దొంగ వస్తే కర్ర పుచ్చుకొని వీధి మొగదాకా తరిమిన మనిషి. మేము బయలుదేరకముందే మా ఆవిడ ఆమెకు ఫోను చేసిందన్న సంగతి నాకు తరువాత తెలిసింది.

మర్నాడు ఎండ ముదరకముందే ఆటోలో ధవళేశ్వరం వెళ్ళాం. కాటన్ దొర పేరున అక్కడ ప్రదర్శనశాల ఉంది. ఆనకట్ట నమూనాలూ, ఆ కాలపు యంత్రసామగ్రీ చూడవచ్చు. 1833 ప్రాంతపు కరువులో ఈ సీమ ఎంత నాశనమైందో చదివినవాళ్ళకు, 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ఆనకట్ట విలువ తెలుస్తుంది. డెల్టా ఊళ్ళలో కాటన్ విగ్రహానికి దండలు వేయడం ఊరికే రాలేదు. పాత ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బారేజీకి కూడా ఆయన పేరే పెట్టారు. నది మధ్య లంకలు ఉండటంచేత అది ఒక్క బిగిన ఉండదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. మొత్తం 175 గేట్లు.

ధవళేశ్వరం ముక్క మీది రోడ్డున నడిచాం. లారీలూ, కొబ్బరిబోండాల బళ్ళూ మమ్మల్ని రాసుకొంటూ పోతున్నాయి. మావాడు నాకన్న నాలుగడుగులు ముందుండి గేట్లు లెక్కపెడుతున్నాడు. పెదవులు కదలడం వెనకనుంచి కూడా తెలుస్తోంది. అవతలి చివరకు చేరాక ఆగి, "డెబ్భై" అన్నాడు. సరిగ్గానే ఉంది. "చూశావా, లెక్క..." అనబోయి నాలుక కరుచుకొన్నాను.

వాడు పిట్టగోడ మీద చేతులు ఆనించి, నీళ్ళవంక చూస్తూ మాట్లాడాడు.

"నాన్నా, ఫస్టియర్ దసరా సెలవులకి వచ్చినప్పుడు నీకు చెప్పాను, గుర్తుందా?"

"ఏమని?"

"లెక్కలు నాకు అర్థం కావడం లేదని. నువ్వు పేపర్లు దిద్దుకొంటున్నావు. 'కష్టపడితే అదే వస్తుందిరా' అన్నావు. తలెత్తలేదు."

వాడు చదివింది పేరున్న హాస్టలు కాలేజీ. ఏ కాలేజీ అయితేనేం, ఇటువంటివాటన్నిటి పద్ధతీ ఒకటే. వారం వారం పరీక్ష, వచ్చిన మార్కులనుబట్టి సెక్షను మార్పు. మొదట మంచి సెక్షనులో ఉన్నవాడు దసరాకు రెండు మెట్లు దిగాడు. సంక్రాంతికి ఆఖరు సెక్షనులో పడ్డాడు. అక్కడ లెక్కలు చెప్పే మాస్టారు నల్లబల్ల మీద జవాబులు రాసి, రాసుకోండని చెప్పి ఫోను చూసుకొనేవాడట. తెల్లవారు జామున లేపేవారు, రాత్రి పదకొండుకు వదిలేవారు. ఆ పద్దెనిమిది గంటలూ అర్థం కాని పుస్తకం ముందు కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నేను అర్థమయ్యేవే చదువుకొన్నవాణ్ణి. ఫీజు మాత్రం వాయిదా తప్పకుండా కట్టాను. పైగా అది నా కష్టమని అందరితో చెప్పుకొన్నాను కూడా.

"నాకు ఆ మాట గుర్తు లేదురా" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నాకు తెలుసు, నీకు గుర్తుండదని" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తిరుగు ప్రయాణంలో ఆటో ఆపించి ఊళ్ళో రోజ్‌మిల్క్ తాగాం. రాజమండ్రి రోజ్‌మిల్క్ సంగతి వేరే వ్రాయాలి. ఆ గులాబిరంగు పాలు గొంతు దిగేదాకా ఎండ అనేది ఒకటుందని మరిచిపోతాం. వాడు రెండు గ్లాసులు తాగాడు. నాకు ఒకటే ఎక్కువైంది. మధ్యాహ్నం గౌతమీ గ్రంథాలయానికీ, వీరేశలింగంగారి ఇంటికీ వెళదామనుకొన్నవాణ్ణి, వెళ్ళలేదు. అత్తయ్య ఇంటి వరండాలో పడక్కుర్చీ వేసుకొని రామానుజన్ గురించి మళ్ళీ ఆలోచించాను. ఆయన గురించి కాదు, వాళ్ళ నాన్న గురించి. ఆ శ్రీనివాసయ్యంగారు కుంభకోణంలో ఓ చీరల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో పాటలు పాడేది. ఆ ఆగస్టులో కొడుకు పక్క ఖాళీగా కనిపించిన పొద్దున ఆ గుమాస్తా దుకాణానికి వెళ్ళాడా? వెళ్ళి చీరల మడతలు విప్పి చూపించాడా? గుడిలో ఆవిడ పాడిందా? మనవాళ్ళు ఆయన లెక్కలను గురించి ఎన్నో పుస్తకాలు వ్రాశారు. నేను కూడా ఇన్నేళ్ళు క్లాసులో ఆయన్ను ఉదాహరణగా వాడుకొన్నాను. ఆ ఇంట్లో ఆ నెల రోజులు ఎట్లా గడిచాయన్నది నాకెప్పుడూ తోచలేదు. ఆయన ఇంటికి తిరిగి రాబట్టి మనకు కథ మిగిలింది.

లోపల అత్తయ్య మావాడి చేత కరెంటు బిల్లు చదివించుకొంటోంది. పోయిన నెలకన్న ఎంత ఎక్కువో తీసివేసి చెప్పమంటోంది.

మూడో రోజు తెల్లవారుజామున మావాడే నన్ను లేపి, ఘట్టానికి వెళదామన్నాడు. అప్పటికింకా జనం రాలేదు. మార్కండేయస్వామి గుడి గంట వినబడుతోంది. ఆఖరి మెట్టు మీద, నీళ్ళు పాదాలకు తగిలేటట్టు కూర్చున్నాం.

"నాన్నా, స్పాట్ వాల్యుయేషన్‌లో నీ దగ్గర ఎవరికైనా ముప్పైనాలుగు వస్తే ఏం చేస్తావు?"

తెలుగులో గట్టెక్కడానికి నూటికి 35 రావాలి. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో మేము ఆ శిబిరాలకు వెళతాం. పేరు ఉండదు, నంబరు ఉండదు, కట్టలు కట్టలుగా పేపర్లు.

"ముప్పైనాలుగు ఎవరూ వదిలెయ్యరురా. మళ్ళీ మొదటినుంచి చూస్తే ఎక్కడో ఒక మార్కు దొరుకుతుంది."

"ముప్పై వస్తే?"

"చూస్తాం."

"ఇరవై?"

నేను జవాబు చెప్పలేదు.

"ఇరవై వచ్చినవాడెవడో నీకు తెలియదు కదా."

"తెలియదు."

"వాళ్ళ నాన్నకి తెలుస్తుంది" అన్నాడు.

ఆ శిబిరాల్లో పదకొండు గంటలకు టీ వస్తుంది. అప్పుడు మాలో ఎవరో ఒకరు, దొరికిన వింత జవాబు ఒకటి పైకి చదువుతారు. అందరం నవ్వుతాం. రెండేళ్ళ కిందట ఒక కుర్రవాడు పద్యానికి తాత్పర్యం రాయమంటే, ఏమీ తోచక ఓ సినిమా కథ మొదలుపెట్టి చివరిదాకా వ్రాశాడు. దస్తూరి ముత్యాల్లా ఉంది. అది నేనే చదివి వినిపించాను. నవ్వులు ఇంకా నా చెవిలో ఉన్నాయి. మార్కులు వెయ్యడానికి అక్కడ ఏమీ లేదు, వెయ్యలేదు. ఆ తప్పు లేదు. కాని చదివి వినిపించమని నన్నెవరూ అడగలేదు. ఇదంతా మావాడికి చెప్పాను.

వాడు చాలాసేపు నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ కూర్చొని, "సినిమా పేరేమిటి?" అన్నాడు. చెప్పాను. "మంచి సినిమానే" అన్నాడు.

ఆ తరువాత మాట్లాడుకొన్న సంగతులు పెద్దవేమీ కావు. సప్లిమెంటరీకి నెల రోజులుంది. తెనాలిలో మా కాలేజీ లెక్కల మాస్టారు ఉన్నారు, నెమ్మదస్తుడు. మొదటి సంవత్సరం పుస్తకంనుంచి మొదలుపెట్టి చెప్పమని అడుగుదామన్నాను. "పాసు మార్కులు వస్తే చాలు నాన్నా. ఇంజనీరింగు మాత్రం నావల్ల కాదు" అన్నాడు. మరేం చేస్తావని నోటి చివరదాకా వచ్చింది. అడగలేదు. ఆ జవాబు వాడి దగ్గరా లేదని ఎదురుగా తెలుస్తూనే ఉంది. నా కడుపులో ఆ ఇంజనీరింగు అనే మాట ఎక్కడో కలుక్కుమన్న మాట మాత్రం నిజం. అది ఇంకా పోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య ఆవకాయ జాడీ ఒకటి కట్టి ఇచ్చింది. "ఈసారి పాసైతే చెప్పు. పాసవకపోతే కూడా చెప్పు" అని వాడి గడ్డం పట్టుకొంది. బండి వంతెన మీదికి రాగానే నేను జేబులోంచి ఐదు రూపాయల బిళ్ళ తీసి వాడికిచ్చాను, గోదావరిలో వెయ్యమని. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకొన్నాడు. "తెనాలిలో ఆటోవాడు చిల్లర లేదంటాడు" అన్నాడు. కొవ్వూరు వచ్చేలోపల ఫోనులో సప్లిమెంటరీ ఫీజు కట్టేశాం.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. వాడు తన గదిలో సంచీ పెట్టి, తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. గడియ ఉన్నచోట నాలుగు కన్నాలు.

"అమ్మా, గడియ ఎక్కడ పెట్టావు?"

మా ఆవిడ నావంక చూసింది. తరువాత వంటింట్లోకి వెళ్ళి, పోపులపెట్టె వెనకనుంచి కాగితం పొట్లం తెచ్చి చూపించింది. గడియ, నాలుగు మరలు. తుప్పు పట్టినదాన్ని నూనె రాసి తుడిచి పెట్టింది.

"పరీక్షలయ్యాక నాన్న బిగిస్తారులే" అంది.

"సరే" అన్నాడు. పుస్తకాలు తెచ్చి హాల్లో పరుచుకొన్నాడు. నేను దిద్దవలసిన కాగితాలు ఆ బల్లమీదే ఉన్నాయి. వాటిని తీసి అలమారాలో పెట్టి, వాడికి ఎదురుగా కూర్చున్నాను. లెక్కలు నాకూ రావు. వాడు మొదటి పేజీ తెరిచి, "ఇక్కణ్ణుంచే అర్థం కావడం లేదు" అని వేలు పెట్టి చూపించాడు.